మూలకాల పేర్లు: కొలిమి చెప్పిన నిజాలు, సిద్ధాంతం చేసిన పొరపాట్లు

ఆక్సిజన్‌కు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్న పాత పేరు ఆమ్లజని. ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లావోయిజే 1777లో రెండు గ్రీకు మాటలు అతికించి చేసిన పేరుకు ఇది అచ్చమైన తర్జుమా. గంధకం, భాస్వరం, కర్బనం మండగా వచ్చినదాన్ని నీళ్లలో కలిపితే ప్రతిసారీ ఆమ్లమే వచ్చింది. మూడింటికీ ఉమ్మడిగా తోడైనది ఆ వాయువే కాబట్టి పులుపుకు మూలం అదేనని ఆయన తేల్చాడు. పరీక్షలో లోపం లేదు, దాని నుంచి లాగిన సూత్రంలోనే ఉంది. ఉప్పు నుంచి తీసే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఈ సూత్రానికి లొంగలేదు. అందులోనూ ఆక్సిజన్ ఎక్కడో దాగి ఉంటుందని లావోయిజే నమ్మాడు. తర్వాత హంఫ్రీ డేవీ క్లోరిన్ వాయువులో బొగ్గును విద్యుత్తుతో తెల్లగా కాలేదాకా వేడిచేసి చూశాడు. ఆక్సిజన్ ఉంటే బొగ్గు దాన్ని పట్టుకుని కర్బన ఆక్సైడ్‌గా మారాలి. అలాంటిదేమీ రాలేదు. 1810లో ఆయన క్లోరిన్‌ను మూలకంగా ప్రకటించాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే.

నీటిలో కలిసినప్పుడు పులుపునిచ్చేది హైడ్రోజన్ అయాన్. ఆ లెక్కన ఆమ్లజని అనే పేరు హైడ్రోజన్‌కు దక్కాలి. హైడ్రోజన్‌కు ఇచ్చిన ఉదజని అన్న పేరేమో, నీటిని పుట్టించేదని కదా, ఆక్సిజన్‌కే ఎక్కువ నప్పుతుంది: 100 గ్రాముల నీటిలో హైడ్రోజన్ 11.2 గ్రాములే, మిగతా 88.8 గ్రాములూ ఆక్సిజనే. రెండు పేర్లూ తారుమారైనా తప్పు పట్టేవారు ఉండరు.

మూడోదైన నత్రజని మాత్రం నిలబడింది. గాలిలో ఈ భాగాన్ని విడిగా పట్టి జంతువును ఉంచితే చచ్చిపోతోంది కాబట్టి లావోయిజే వర్గం దీన్ని 'అజోట్' అంది, ప్రాణం నిలవనిది అని. ప్రొటీన్లన్నిటిలోనూ ఉండే మూలకానికి ఇంతకన్నా అన్యాయమైన పేరు ఉండదు. 1790లో షప్తాల్ దాన్ని పక్కనబెట్టి, సురేకారంలో దొరికేది కాబట్టి సురేకారాన్ని పుట్టించేది అనే అర్థంలో నైట్రోజన్ అన్నాడు. సిద్ధాంతం జోలికి పోకుండా ఫలానా పదార్థంలో ఇది ఉంది అని మాత్రమే చెప్పిన పేరు అది. అందుకే అది చెడలేదు. యూరియా బస్తా మీద కనబడే 46 అనే అంకె చెప్పేది కూడా అంతే: 100 కిలోల యూరియాలో నత్రజని 46 కిలోలు.

మూలకాల పేర్లను ఈ కోణంలో వరసగా చూసుకుంటూ పోతే ఒక సంగతి తేలుతుంది. పేరు పెట్టిన రోజున పెట్టినవారి చేతిలో ఏ పరీక్ష ఉందో పేరులో ఉంటుంది. సిద్ధాంతాన్ని నమ్మి పెట్టిన పేర్లు తొందరగా చెడ్డాయి. కంటికి కనబడిన రంగును బట్టి పెట్టినవి చాలావరకు నిలిచాయి. అన్నిటికన్నా గట్టివి కొలిమి దగ్గర విసుగుతో పుట్టిన తిట్లు. వాటి వెనకున్న చిక్కు లోహశాస్త్రంలో ఇప్పటికీ చిక్కే.

కొలిమి దగ్గరి దయ్యాలు, తోడేళ్లు

జర్మనీలోని సాక్సనీ గనుల్లో రాగి రంగులో మెరిసే ఒక రాయి దొరికేది. రాగి ఖనిజమనుకుని కొలిమిలో వేస్తే రాగి చుక్క కూడా రాదు సరికదా, వెల్లుల్లి వాసనతో పొగ లేచి పనివాళ్లు జబ్బుపడేవారు. దయ్యం రాగిని మాయం చేసి రాయిని మిగిల్చిందని వారు దానికి 'కుప్ఫర్‌నికెల్' అని పేరు పెట్టారు, రాగి దయ్యం అని. అలాగే వెండి వస్తుందని ఆశపెట్టి పొగతో చంపే మరో రాయికి గనుల్లో తిరిగే పొట్టి దయ్యం 'కోబోల్డ్' పేరు అంటింది. స్వీడన్‌లో గేయార్గ్ బ్రాండ్ట్ 1735 ప్రాంతంలో రెండో రాయి నుంచి కోబాల్ట్‌ను, 1751లో క్రోన్‌స్టెట్ మొదటి రకం రాయి నుంచి నికెల్‌ను కొత్త లోహాలుగా గుర్తించారు. ఈసారి దయ్యాలకు రసాయన శాస్త్రం అధికారికంగా చోటిచ్చింది.

దయ్యం చేసిన పని లెక్కకు అందేదే. రాగి దయ్యం అనే ఆ రాయి నికెల్ ఆర్సెనైడ్. ఒక నికెల్ పరమాణువుకు ఒక ఆర్సెనిక్ పరమాణువు. పరమాణు భారాలు 58.7, 74.9 కాబట్టి రాయి బరువులో దాదాపు 56 శాతం ఆర్సెనికే. గాలి తగిలేలా కాలిస్తే అది ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌గా మారి ఆవిరైపోతుంది, పొగగొట్టం చల్లబడ్డచోట తెల్లటి పొడిగా పేరుకుంటుంది. పొగ పీల్చినవాడికే కాదు, ఆ గొట్టాన్ని తర్వాత ఊడ్చేవాడికీ ప్రమాదమే. ఆర్సెనిక్ ఉన్న ఖనిజాన్ని కాల్చే కర్మాగారాల్లో పొగను చల్లబరిచి ధూళిని పట్టే గదులు ఈనాటికీ తప్పనిసరి.

ఈ రెండు దయ్యాలు ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉంటాయి, ఖనిజాల్లోనూ తరచు కలిసే దొరుకుతాయి. వాటిని విడదీయడానికి దొరికిన అందమైన ఉపాయం 1890 నాటి మాండ్ పద్ధతి. పొడి నికెల్ మీదుగా 50-60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పంపితే లోహం వాయువుతో కలిసి నికెల్ కార్బొనిల్ అవుతుంది. ఇది 43 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం. అంత తేలికపాటి వేడిలో కోబాల్ట్ ఇలా ఆవిరి కాదు, అడుగునే ఉండిపోతుంది. ఆవిరిని వేరే గదిలోకి తీసుకెళ్లి 220-250 డిగ్రీలకు వేడిచేస్తే కార్బన్ మోనాక్సైడ్ విడిపోయి, 99.9 శాతానికి పైబడిన స్వచ్ఛతతో నికెల్ పేరుకుంటుంది. విడిపోయిన వాయువును మళ్లీ మొదటి గదికే పంపుతారు. అసలు ఈ సంగతి బయటపడిందే ఒక లోపం వల్ల. లుడ్విగ్ మాండ్ కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ తగిలిన నికెల్ కవాటాలు తినేసినట్టు అయిపోతుండటంతో కారణం వెదికారు. కార్బొనిల్ మహా విషం. పాత పొగకన్నా తక్కువదేం కాదు కాబట్టి పని మొత్తం మూసిన గొట్టాల్లోనే నడవాలి.

టంగ్‌స్టన్‌ది ఇంకో కథ. దీని చిహ్నం డబ్ల్యూ, వోల్ఫ్రామ్ అనే జర్మన్ పేరు నుంచి వచ్చింది. తగరం కొలుముల్లో ఒక నల్లటి రాయి కలిసినప్పుడు తగరం దిగుబడి పడిపోయేది. గొర్రెను తోడేలు మింగినట్టు తగరాన్ని మింగుతోందని దానికి తోడేలు (జర్మన్‌లో 'వోల్ఫ్') పేరు పెట్టారు. దీనికీ కారణం ఉంది. తగరపు ఖనిజం సాంద్రత 7కు అటూఇటూ, వోల్ఫ్రమైట్ అనే ఆ నల్ల రాయిది 7 నుంచి 7.5. నీటిలో కడిగి తేలిక రాయిని కొట్టుకుపోనిచ్చి బరువు రాయిని మిగుల్చుకోవడమే ఆనాటి శుద్ధి. రెండూ ఒకే బరువైతే కడుగుడు వల్ల ఫలితం ఉండదు. కొలిమిలోకి చేరాక టంగ్‌స్టన్ చిట్టెంలోకి పోతూ కొంత తగరాన్ని వెంట లాక్కుపోతుంది. ఈ చిక్కు విడిపోయింది అయస్కాంతంతో. వోల్ఫ్రమైట్‌ను బలమైన అయస్కాంతం కొద్దిగా ఆకర్షిస్తుంది, తగరపు ఖనిజాన్ని ఆకర్షించదు. ఎండబెట్టిన పొడిని అయస్కాంత పట్టీ మీద నడిపిస్తే రెండూ రెండు దారులు పడతాయి.

టంగ్‌స్టన్ అంటే స్వీడిష్ భాషలో బరువు రాయి. ఆ పేరు మొదట షీలైట్ అనే మరో ఖనిజానిది. 1781లో షీలే అందులోని కొత్త ఆమ్లాన్ని గుర్తించాడు. లోహాన్ని మాత్రం 1783లో స్పెయిన్‌లో ఎలుయార్ సోదరులు వోల్ఫ్రమైట్ నుంచి తీశారు. లోహం తీసినవారి రాయి చిహ్నంలో, మొదటి ఆమ్లం ఇచ్చిన రాయి పేరులో మిగిలాయి. రాజీ బాగానే కుదిరింది.

బరువు రాయి అన్న మాట ఒట్టిది కాదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానిది 19.3. నకిలీ బంగారు బిళ్లలు చేసేవారికి ఇంతకన్నా అనువైన లోహం లేదు. సీసం పెడితే (సాంద్రత 11.3) నీళ్లలో తూచగానే దొరికిపోతారు. టంగ్‌స్టన్ దిమ్మకు బంగారు పూత వేస్తే బరువు, పరిమాణం రెండూ సరిపోతాయి. లోహాన్ని పరీక్షించే ఎక్స్‌రే పరికరం పైపొరలో కొన్ని మైక్రాన్ల లోతు మాత్రమే చదువుతుంది కాబట్టి అదీ మోసపోతుంది. పట్టించేది శబ్దం. అతిధ్వని తరంగం బంగారంలో సెకనుకు దాదాపు 3,240 మీటర్లు పోతే టంగ్‌స్టన్‌లో 5,200 మీటర్లు పోతుంది. మందం తెలిసిన బిళ్లలో ప్రతిధ్వని ముందే తిరిగొచ్చిందంటే లోపల ఉన్నది బంగారం కాదు. విద్యుత్ వాహకత కొలిచినా తేడా తెలుస్తుంది, బంగారానిది రెండు రెట్లకు పైనే ఉంటుంది.

ఇక టంగ్‌స్టన్ ద్రవీభవన స్థానం 3,422 డిగ్రీలు, లోహాలన్నిటిలో ఎక్కువ. గొప్పదే, కానీ పనిచేసేవాడికి అదే తలనొప్పి. కరిగించి పోద్దామంటే పట్టుకునే మూస ఉండాలి కదా. అందుకే టంగ్‌స్టన్‌ను కరిగించరు. ఆక్సైడ్ పొడిని వేడి హైడ్రోజన్‌లో లోహపు పొడిగా మారుస్తారు, అచ్చులో నొక్కి కడ్డీ చేస్తారు, కరగనంత వేడిలో గింజలు ఒకదానికొకటి అతుక్కునేదాకా ఉంచుతారు. ఆ కడ్డీ గది వేడిలో గాజులా పెళుసు. వేడివేడిగా కొడుతూ సన్నబరిస్తే లోపలి గింజలు నారలా సాగి తీగ వంగడం మొదలుపెడుతుంది. 1909-10లో కూలిడ్జ్ సాధించింది ఇదే. బల్బులో ఫిలమెంట్ వెలిగేకొద్దీ ఆ నార తిరిగి గుండ్రటి గింజలుగా మారి తీగ జారిపోయేది. పది లక్షల భాగాల్లో కొన్ని పదుల భాగాలు పొటాషియం కలిపితే అది కంటికి కనబడని బుడగల వరసగా నిలిచి గింజలను కదలనివ్వదు. హాలోజన్ బల్బును ఒట్టి చేత్తో తాకకూడదనడం కూడా ఈ వేడి వల్లే. వేలి చెమటలోని ఉప్పు క్వార్ట్జ్ గాజు మీద మిగిలి, గాజు కాగినప్పుడు అక్కడ స్ఫటికంగా మారి తెల్లబారుతుంది, చివరికి పగులుతుంది.

తుత్తునాగానిది తిట్టు దాకా పోని పాత చిక్కు. జింక్‌కు తెలుగులో ఉన్న ఈ పేరుకు దగ్గరి రూపం పోర్చుగీసు వర్తకుల నోట పడి యూరప్ భాషల్లో 'ట్యూటెనాగ్' అయింది. జింక్ ఆక్సైడ్‌ను బొగ్గుతో లోహంగా మార్చాలంటే దాదాపు 1,000 డిగ్రీలు కావాలి. జింక్ మరిగేది 907 డిగ్రీలకే. అంటే లోహం పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. మామూలు కొలిమిలో ఆ ఆవిరి పైకి పోయి గాలి తగలగానే మళ్లీ తెల్లటి ఆక్సైడ్ అయిపోతుంది. పనివాడికి మిగిలేది బూడిద. రాజస్థాన్‌లోని జావర్‌లో మధ్యయుగాలలోనే దీనికి మందు కనిపెట్టారు. వంకాయ ఆకారపు మట్టి పాత్రలో ఖనిజాన్ని, మండే పదార్థాన్ని నింపి, మూతికి మట్టి గొట్టం అతికి, పాత్రను తలకిందులుగా చిల్లుల పలక మీద నిలిపారు. వేడి పైన, చల్లదనం కింద. ఆవిరి కిందికి దిగి గాలి తగలకుండానే ద్రవమై గిన్నెలోకి చుక్కలు కారేది. యూరప్‌లో జింక్‌ను విడిగా తీసి కొత్త లోహమని నిలబెట్టిన మార్గ్రాఫ్ ప్రయోగం 1746 నాటిది. జావర్ పాత్రల గుట్టలు అంతకు శతాబ్దాల ముందువి.

రంగు చూసి పెట్టిన పేర్లు

1860లో బున్సెన్, కిర్కాఫ్‌లు మంటలోంచి వచ్చే వెలుగును పట్టకంతో విడదీసి చూడటం మొదలుపెట్టారు. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఊటనీటి శేషంలో తెలిసిన ఏ మూలకానికీ చెందని నీలి గీతలు కనబడ్డాయి. ఆకాశనీలం అన్న లాటిన్ మాటతో దానికి సీజియం అని పేరు పెట్టారు. చేతికందేంత సీజియం లవణం కోసం డుర్క్‌హైమ్ ఊటనీటిని 40 టన్నులకు పైగా ఇంకించాల్సి వచ్చింది. గీత ఒక్క క్షణంలో కనబడింది, పదార్థం కోసం మాత్రం అంత నీరు కాచారు. మరుసటి ఏడు ముదురు ఎరుపు గీతలతో రుబీడియం, అదే ఏడు లేత ఆకుపచ్చ చిగురు రంగుతో క్రూక్స్ కనిపెట్టిన థాలియం వచ్చాయి. ఈ పేర్లలో ఊహ లేదు, చూసింది చూసినట్టు చెప్పారు. సీజియం పరమాణువు ఇంకా లోతైన కొలతకు దొరికింది. 1967 నుంచి సెకనును నిర్వచిస్తున్నది అదే: దాని రెండు శక్తి స్థాయిల మధ్య జరిగే మార్పుకు చెందిన వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించే కాలం ఒక సెకను.

ఇండియం పేరులో మనకు దగ్గరి సంగతి ఉంది. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో రైక్ అనే ప్రొఫెసర్ జింక్ ఖనిజంలో థాలియం కోసం వెదుకుతున్నాడు. ఆయనకు రంగులు సరిగా కనబడవు. అందుకని వర్ణపటం చూసే పనిని సహాయకుడు రిక్టర్‌కు అప్పగించాడు. రిక్టర్‌కు ఆకుపచ్చ గీత కనబడలేదు, ఎవరూ చూడని నీలిమందు రంగు గీత కనబడింది. నీలిమందుకు లాటిన్‌లో 'ఇండికం' అని పేరు, ఇండియా నుంచి వచ్చే సరుకు అని. ఆ మాటే మూలకం పేరైంది. ఈ దేశం పేరు పరోక్షంగా ఆవర్తన పట్టికలో చేరింది ఒక రంగు సరుకు పుణ్యాన.

ఇండియం ఇప్పటికీ జింక్ శుద్ధిలో ఉపఉత్పత్తిగానే వస్తుంది. దాని కోసమే తవ్వే గనులు అరుదు. బరువులో 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం తగరం ఆక్సైడ్ కలిపి శూన్యంలో గాజు మీద పరిస్తే వెలుతురును పోనిచ్చే, కరెంటునూ పోనిచ్చే పొర వస్తుంది. తాకే తెరలు, చదును తెరలు పనిచేసేది దీనివల్లే. పొర పరిచే గదిలో ఆక్సిజన్ ఎక్కువైతే అది కరెంటుకు అడ్డుపడుతుంది, తక్కువైతే పొర నల్లబారి వెలుతురు తగ్గుతుంది. ఆక్సైడ్ కాబట్టి వంచితే బీటలు పడుతుంది. మడతపెట్టే తెరలకు వేరే దారులు వెదుకుతున్నది అందుకే.

రంగు పరీక్ష నమ్మదగ్గదే కానీ మోసపోయే దారీ ఒకటుంది. జ్వాలా పరీక్షకు ప్లాటినం లేదా నైక్రోమ్ తీగను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, బర్నర్ నీలి మంటలో రంగు ఏదీ రానంతవరకు కాల్చాలి. ఆ తర్వాతే తీగకు పరీక్షించే లవణం అంటించాలి. మధ్యలో తీగను వేలితో ముట్టుకుంటే చెమట ఉప్పులోని సోడియం చాలు, దాని పసుపు మంటను నింపేస్తుంది. పొటాషియం లేత ఊదా ఆ పసుపులో మునిగిపోతుంది. విరుగుడు కోబాల్ట్ కలిపిన నీలి గాజు ముక్క. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుంటే పసుపు ఆగిపోయి ఊదా కనబడుతుంది. పొట్టి దయ్యం ఇక్కడ మంచిపనే చేస్తోంది.

సూర్యుడి లోహం, సోమరి వాయువు

గీత నిజమే చెప్పినా పేరు తప్పిన సందర్భం హీలియం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో దిగాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు కనబడ్డాయి. గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూసే ఉపాయం జాన్సెన్‌కు గుంటూరులోనే తట్టింది. అదే ఏడు అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే చూశాడు. ఆ గీతల్లో ఒకటైన పసుపు గీత 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది. సోడియం జంట గీతలు 589.0, 589.6 దగ్గర ఉంటాయి. ఆ తేడా ఒకటిన్నర నానోమీటరుకు తక్కువే. చూసే పరికరం నాసిరకమైతే సోడియమనే అనుకునేవారు.

సూర్యుడికి గ్రీకు పేరు హీలియోస్. లాకియర్ ఆ గీతను కొత్త మూలకానిదిగా ఎంచి, ఆ మాటకు 'ఇయం' తగిలించాడు, లోహమనుకుని. 1895లో రామ్సే యురేనియం ఖనిజమైన క్లీవైట్‌ను ఆమ్లంతో కదిలిస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత కనబడింది. లోహం కాదు, అన్నిటికన్నా కలుపుగోలుతనం లేని వాయువు. నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్‌లతో పాటు దీనికీ 'హీలియాన్' అని ఉండాలి. పేరు అప్పటికే స్థిరపడింది కాబట్టి వదిలేశారు. యురేనియం ఖనిజంలో దొరకడం యాదృచ్ఛికం కాదు. యురేనియం, థోరియం విడిచే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమే. భూమి లోపల కోట్ల ఏళ్లుగా అలా చేరినదే సహజవాయువుతో కలిసి బయటికి వస్తుంది.

హీలియం మైనస్ 268.9 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మామూలు వాతావరణ పీడనంలో ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. ఎంఆర్‌ఐ యంత్రాల అతివాహక (నిరోధం లేకుండా కరెంటు పారే) అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. ఆ తీగచుట్టలో ఒకచోట అతివాహకత తప్పితే అక్కడ పుట్టిన వేడి పక్కచుట్లనూ పాడుచేస్తుంది, ద్రవం ఒక్కసారిగా మరుగుతుంది. లీటరు ద్రవం సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. అందుకే యంత్రం పైన ఆరుబయటికి తెరుచుకునే లావుపాటి గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మూసుకుపోతే వాయువు గదిలో నిండి ఆక్సిజన్‌ను తోసేస్తుంది, మనిషికి వాసన కూడా తెలియదు.

ఆర్గాన్ అంటే సోమరి. ఇది బయటపడింది తూకంలో. గాలి నుంచి ఆక్సిజన్ తీసేయగా మిగిలిన నత్రజని లీటరుకు 1.257 గ్రాములు తూగితే, రసాయనాల నుంచి తీసిన నత్రజని 1.251 గ్రాములే తూగింది. రేలీ ఈ అర శాతం తేడాను పరికరం లోపమని కొట్టిపారేయలేదు. 1894లో ఆయన, రామ్సే కలిసి దాని వెనకున్న వాయువును పట్టారు. నిజానికి 1785లోనే కేవెండిష్ విద్యుత్ స్ఫులింగాలతో నత్రజనినంతా హరించగా 120వ వంతుకు మించని బుడగ మిగిలిందని రాసిపెట్టాడు. నూరేళ్లకు పైగా ఎవరూ దాన్ని తిరిగి చూడలేదు.

సోమరితనమే ఆర్గాన్‌కు జీతం తెచ్చే గుణం. టంగ్‌స్టన్ మొన దగ్గర విద్యుత్ మంట (ఆర్క్) పుట్టించి లోహాలను అతికే టిగ్ వెల్డింగ్‌లో ఆ మొన చుట్టూ నిమిషానికి 8 నుంచి 12 లీటర్ల ఆర్గాన్ వదులుతారు. ఎక్కువ వదిలితే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. ప్రవాహం సుడులు తిరిగి చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాగుతుంది, అతుకులో బుడగలు పడతాయి. ఆర్క్ ఆరిన వెంటనే వాయువు కట్టేసినా చెడుతుంది: ఎర్రగా ఉన్న మొన గాలి తగిలి పసుపు ఆక్సైడ్ పొడి అయిపోతుంది. కొన్ని సెకన్లు ఆగి కట్టాలి. ఇక జడవాయువులన్న పేరు మాత్రం 1962లో తప్పని తేలింది. ఆ ఏడు నీల్ బార్ట్‌లెట్ జెనాన్‌ను ప్లాటినం ఫ్లోరైడ్‌తో కలిపి ఘన పదార్థం తెచ్చాడు.

కవలలు, తప్పిపోయిన పేరు

1841లో మోసాండర్ లాంథనం పక్కనే ఒక కొత్త మూలకం దొరికిందనుకుని డిడీమియం అన్నాడు, కవల అని. చాలా ఏళ్లు అది మూలకాల జాబితాలో ఉంది. 1885లో ఆవర్ ఫన్ వెల్స్‌బాక్ దాని లవణాన్ని మళ్లీమళ్లీ స్ఫటికీకరించి చూస్తే అది నిజంగానే కవలలు: ఆకుపచ్చ కవల ప్రేసియోడిమియం, కొత్త కవల నియోడిమియం. మోసాండర్ పెట్టిన పేరు తను అనుకోని అర్థంలో నిజమైంది. ఈ రెండింటి అయాన్లూ దాదాపు ఒకే పరిమాణంలో ఉండి ఒకే ఆవేశం మోస్తాయి. ఒక్క మెట్టులో విడిపోవు. ఇప్పుడు కూడా ద్రావణులతో వరసగా ఎన్నో మెట్లలో లాగాల్సిందే. డిడీమియం మూలకంగా పోయినా గాజు పనివాళ్ల కళ్లద్దాల్లో బతికే ఉంది. కరిగిన గాజులోని సోడియం విడిచే పసుపు వెలుగును అది మింగేస్తుంది, పనివాడికి మంట వెనకున్న గాజు కనబడుతుంది.

నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతం 1980లలో వచ్చింది. దానికి రెండు బలహీనతలు. తడి తగిలితే తుప్పు పట్టి పొడిపొడి అవుతుంది, అందుకే నికెల్ పూత లేకుండా బయటికి పంపరు. మామూలు రకం 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతుంది, చల్లారాక కూడా పూర్తిగా తిరిగిరాదు. మోటార్లలో వాడేవాటికి డిస్ప్రోసియం కలుపుతారు. ఆ పేరుకు అర్థం దొరకడం కష్టం అని. 1886లో పెట్టిన ఆ పేరు ఈనాటి కొనుగోలుదారుకీ నిజమే.

చివరిది జపాన్ పేరు. 1908లో ఒగావా తన ఖనిజంలో 43వ మూలకం చిక్కిందని ప్రకటించి నిప్పోనియం అన్నాడు. ఎవరూ దాన్ని తిరిగి సాధించలేకపోయారు, పేరు పట్టికలోంచి పోయింది. ఆయన చేతికి నిజంగానే కొత్త మూలకం చిక్కిందని, అయితే అది ఒక గడి కిందున్న 75వదని, ఇప్పుడు రీనియం అంటున్నదేనని తర్వాతి పరిశీలనలు చూపాయి. 43వ స్థానం 1937లో, సైక్లోట్రాన్ (కణాలకు వేగమిచ్చే యంత్రం) కణాలు తగిలిన మాలిబ్డినం పలకలో దొరికిన టెక్నీషియంతో నిండింది. ఒకసారి వాడి విరమించిన పేరును మరో మూలకానికి పెట్టకూడదన్నది అంతర్జాతీయ రసాయన సంఘం నియమం. అందుకే జపాన్ శాస్త్రజ్ఞులకు 113వ మూలకం దక్కినప్పుడు నిప్పోనియం అనే వీల్లేక, దేశానికున్న మరో ఉచ్చారణతో 2016లో నిహోనియం అన్నారు. వారు దాన్ని చేసింది బిస్మత్ మీదికి జింక్ కేంద్రకాలను విసిరి. వాటి పరమాణు సంఖ్యలు 83కు 30 కలిపితే 113. 2003 నుంచి 2012 దాకా విసిరితే చిక్కినవి మూడు పరమాణువులు.